అద్దె అగ్రిమెంటులో ‘రీజనబుల్’ అని రాస్తే ఎవరి లెక్క చెల్లుతుంది?

కూకట్‌పల్లి_అద్దెదారు
మేము ఉంటున్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌ను ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తున్నాము. చేరేటప్పుడు రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చాము. అందులో ఒక నెల అద్దె రంగులకు, ఇంకొంత బాత్‌రూమ్ టైల్స్ కడిగించడానికి పట్టుకుని మిగిలినది ఇస్తానని ఓనర్ గారు అంటున్నారు. ఎందుకని అడిగితే అగ్రిమెంటు తీసి, ‘అద్దెదారు ఇంటిని రీజనబుల్ కండిషన్‌లో అప్పగించవలెను’ అన్న వాక్యం చూపించారు. పొయ్యి వెనక గోడకు జిడ్డు పట్టిన మాట నిజమే, హాల్లో ఫొటోల కోసం కొట్టిన మేకుల గుర్తులూ ఉన్నాయి. అయితే పడకగదుల్లో రంగు మేము చేరేనాటికే వెలిసిపోయి ఉంది, టైల్స్ మీది తెల్లటి చారలు బోరు నీళ్ల ఉప్పు వల్ల వచ్చినవి. ఆయన తాను రీజనబుల్‌గానే అడుగుతున్నానంటారు, నేను అది ఎంతమాత్రం రీజనబుల్ కాదంటాను. ఈ మాటకు ఇద్దరూ ఒప్పుకోవలసిన అర్థం ఒకటి ఉందా, లేక డబ్బు ఎవరి దగ్గర ఉంటే వారి అర్థమే చెల్లుతుందా?

మల్కాజిగిరి_మాట
మా వైపు రంగులకు ఒక నెల అద్దె పట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. అందరూ ఇస్తున్నప్పుడు మీ ఓనర్ గారు అడిగినది రీజనబుల్ అనే అనుకోవాలి.

తార్నాక_చదువరి
ఆనవాయితీ అయినంత మాత్రాన సమంజసం కాదు కదా. అద్దెకున్నవారికి చివరి రోజున పేచీ పెట్టుకునే ఓపిక ఉండదు. కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలి, సామాను లారీ కింద నిలబడి ఉంటుంది. ఆ తొందరలో ఇచ్చుకున్నదే నాలుగేళ్లలో ఆనవాయితీగా మారుతుంది. అందరూ ఇస్తున్నారంటే అందరూ ఒప్పుకున్నారని అర్థం కాదు.

పద్మారావునగర్_మేడ
నేను ఇంటి యజమానిని. పై పోర్షన్ అద్దెకు ఇచ్చి, ఆ అద్దె మీదనే ఇల్లు నడుపుకుంటున్న వారిలో నేనూ ఒకడిని కాబట్టి మా వైపు మాట కూడా వినండి. టు-లెట్ బోర్డు చూసి వచ్చినవారు ముందుగా గోడలనే చూస్తారు. గోడలు మాసి ఉంటే అద్దె తగ్గించమంటారు, లేదా వెనుదిరిగి వెళ్లిపోతారు. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే ఆ నష్టం నాదే. మేస్త్రిని పిలిస్తే ‘ఈ ఒక్క గోడే వేయండి’ అంటే రాడు, ఇల్లంతా మాట్లాడుకోవాలి. గదిగదికీ లెక్క వేసుకుని కొట్లాడడం కన్నా ముందే ఒక నెల అని చెప్పుకోవడం ఇద్దరికీ మనశ్శాంతి. అడ్వాన్సు తిరిగి ఇవ్వకుండా తిప్పించుకునే ఓనర్లు ఉన్నారని నాకు తెలుసు. వారిని నేను సమర్థించడం లేదు. కానీ ఒక నెల పట్టుకునే ప్రతి ఓనరూ దుర్మార్గుడన్నట్టు మాట్లాడడం మాత్రం న్యాయం కాదు.

కూకట్‌పల్లి_అద్దెదారు
@పద్మారావునగర్_మేడ గారూ, ముందే చెప్పి ఉంటే నేను ఈ ప్రశ్న వేసేవాడిని కాను. మా అగ్రిమెంటులో ఒక నెల అన్న మాట ఎక్కడా లేదు, ‘రీజనబుల్’ అనే ఉంది. ఖాళీ చేస్తామన్నాక ఆ మాటలో ఒక నెల అద్దె కనిపించింది.

రంగుల_మేస్త్రి
ఇళ్లకు రంగులు వేయించే పని నాది. గోడను చూస్తే ఏది వాడకం వల్ల వచ్చిందో, ఏది పాడుచేస్తే వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది. డిస్టెంపర్ వేసిన గోడ చేత్తో రుద్దితే పొడి రాలుతుంది. అది అద్దెదారు తప్పు కాదు, ఆ రంగు గుణమే అంత. ఎమల్షన్ అయితే ఎక్కువ కాలం నిలుస్తుంది, తడిబట్టతో తుడిచినా తట్టుకుంటుంది. బయటి గోడ పగిలి చెమ్మ దిగితే లోపల రంగు పొక్కులు వస్తాయి. అది ఓనర్ చేయించుకోవలసిన పని, చెమ్మ ఆపకుండా పైన ఎన్ని కోటింగులు వేసినా వర్షాకాలానికి మళ్లీ లేస్తుంది. మేకు గుర్తులకు లప్పం పెట్టి, ఎండాక సాండ్ పేపర్ కొట్టి, పైన రంగు వేస్తే సరిపోతుంది. జిడ్డు గోడకు మాత్రం ముందు సోడాతో కడగాలి, ప్రైమర్ వేయాలి, ఆ తరువాతనే రంగు. లేకపోతే జిడ్డు పైకి తేలుతుంది.

పద్మారావునగర్_మేడ గారు చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది. పాత రంగు పక్కన కొత్త రంగు అతుకులా కనిపిస్తుంది కాబట్టి గోడ మధ్యలో ఆపలేము, ఈ మూల నుంచి ఆ మూల దాకా వేయాల్సిందే. అలాగని ఒక గోడ కోసం ఇల్లంతా వేయనవసరం లేదు.

మల్కాజిగిరి_మాట
అంటే లెక్క గోడను బట్టి ఉండాలంటారు. మరి బోరు నీళ్ల చారల మాటేమిటి?

రంగుల_మేస్త్రి
అది నా పని కాదు గానీ చూస్తూనే ఉంటాను. వారం వారం తుడుచుకుంటే పెద్దగా పట్టదు. ఏళ్ల తరబడి వదిలేస్తే యాసిడ్ పెట్టినా పూర్తిగా పోదు, పైగా టైల్ మెరుపు పోతుంది. ఉప్పు నీళ్లు రావడం ఓనర్ చేతిలో లేదు, అద్దెదారు చేతిలోనూ లేదు, తుడవడం మాత్రం ఇంట్లో ఉన్నవారి చేతిలో ఉంది.

న్యాయపథం
వృత్తిరీత్యా న్యాయవాదిని. ఈ వివాదాన్ని చట్టం చాలాకాలం క్రితమే ఊహించింది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్‌లో ఎం అనే ఉపవాక్యం ఉంది. అద్దెదారు తాను ప్రవేశించినప్పుడు ఇల్లు ఎంత మంచి స్థితిలో ఉందో అంత మంచి స్థితిలో తిరిగి అప్పగించాలని అది చెబుతుంది. వెంటనే రెండు మినహాయింపులు ఇస్తుంది: సమంజసమైన అరుగుదల వల్ల వచ్చిన మార్పులు, మనిషి ఆపలేని శక్తి వల్ల వచ్చిన మార్పులు. ఒప్పందంలో ఇందుకు విరుద్ధంగా రాసుకోకపోతే ఇదే వర్తిస్తుంది. కాబట్టి పోల్చవలసింది కొత్త ఇంటితో కాదు, మీరు చేరిన రోజున ఉన్న ఇంటితో. పడకగదుల్లో రంగు అప్పటికే వెలిసి ఉందని చూపించగలిగితే ఆ ఖర్చు మీ మీద పడదు.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకా వివరంగా వెళ్లింది. గోడలకు సున్నాలు, తలుపులకూ కిటికీలకూ రంగులు యజమాని పనుల జాబితాలో ఉన్నాయి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, డ్రెయిన్ శుభ్రత వంటివి అద్దెదారు జాబితాలో ఉన్నాయి. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని కూడా అందులో ఉంది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే దానికి బలం వస్తుంది. మీ ఓనర్ గారి ముందు దాన్ని చట్టంగా కాకుండా, పని ఎవరిదన్నది ఎలా పంచుకోవచ్చో చూపే పద్ధతిగా పెట్టండి.

పద్మారావునగర్_మేడ
ఒప్పందంలోనే ‘ఒక నెల అద్దె రంగులకు’ అని రాసుకుంటే అప్పుడు సంగతి ఏమిటి?

న్యాయపథం
రెండు రకాలుగా ఉండవచ్చు. అది ఇంటి వాడకానికి ఇద్దరూ ఒప్పుకున్న ఖర్చు అయితే మామూలు షరతే. ఇల్లు పాడుచేసినందుకు ముందే రాసుకున్న జరిమానా అయితే కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్ వస్తుంది. రాసుకున్న మొత్తం పై హద్దు మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుందని ఆ సెక్షన్ సారం. 1963లో ఫతే చంద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది.

బేగంబజార్_లెక్కలు
మీరంతా కోర్టు దాకా వెళ్లారు. మా దుకాణంలో ఈ మాట రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్క లేదు. ‘రీజనబుల్‌గా చెప్పండి’ అని కొనేవారు అంటే తగ్గించమని అర్థం. ‘రీజనబుల్ రేటే చెప్పాను’ అని మేమంటే ఇక తగ్గేది లేదని అర్థం. పాతబస్తీ నుంచి వచ్చేవారు వాజిబ్ దామ్, అంటే న్యాయమైన ధర, చెప్పమంటారు. ఆ మాటలో నాకు ఎక్కువ బరువు కనిపిస్తుంది. వాజిబ్ అన్నాక నా కొనుగోలు ధర, నా ఖర్చులు, నాకు మిగలవలసినది, అన్నీ మనసులో వేసుకునే చెప్పాలి. పొద్దున బోణీ గిరాకీకి ఒక ధర, సాయంత్రం ఇంకొక ధర చెప్పి రెండింటినీ వాజిబ్ అనలేము.

న్యాయపథం
@బేగంబజార్_లెక్కలు గారు చెప్పిన దానికి చట్టంలో కూడా చోటుంది. ధర మాట్లాడుకోకుండా సరుకు తీసుకుంటే కొన్నవారు సమంజసమైన ధర చెల్లించాలని వస్తు విక్రయ చట్టం, 1930లోని 9వ సెక్షన్ చెబుతుంది. ఏది సమంజసమైన ధర అన్నది ఆయా సందర్భాల్లోని పరిస్థితులను బట్టి తేల్చుకోవలసిన విషయమని కూడా అక్కడే అంటుంది.

నల్లకుంట_పంతులమ్మ
తెలుగు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి ఒక మాట చెప్పనివ్వండి. మనం దీన్ని ఇంగ్లీషు మాటతోనే నెట్టుకొస్తున్నాము గానీ మన దగ్గర ఇందుకు వేర్వేరు మాటలున్నాయి, వాటి పనులూ వేరు. దుకాణం బోర్డు మీద ‘సరసమైన ధరలు’ అంటే అందుబాటులో ఉన్నవని. ‘సబబు’ అనే మాట మనకు ఉర్దూ దారిన వచ్చింది, అక్కడ సబబ్ అంటే కారణం. ‘సహేతుకం’లోనూ హేతువే ఉంది. ఓనర్ గారు తన ధర సరసమైనదని చెబుతున్నారు, అద్దెదారు గారు సహేతుకమా అని అడుగుతున్నారు. ఒక నెల అద్దె మొత్తంగా చూస్తే పెద్దది కాకపోవచ్చు, కానీ దేనికి అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

తార్నాక_చదువరి
సరిగ్గా నేను చెప్పాలనుకున్నది ఇదే. కారణం చెప్పకుండా అంకె చెబితే, ఆ అంకె చిన్నదైనా రీజనబుల్ కాదు.

మల్కాజిగిరి_మాట
కారణం చెప్పడం ఎంతసేపు? ఎవరికి కావలసిన కారణం వారికి దొరుకుతుంది. ఓనర్ గారికి కొత్త అద్దెదారు కారణం, ఈయనకు బోరు నీళ్లు కారణం. కారణం ఉన్నంత మాత్రాన న్యాయం అయిపోతుందా?

న్యాయపథం
అయిపోదు. ఇది మంచి అభ్యంతరం, ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు తొలి రోజుల్లోనే వచ్చింది. రాజ్యాంగం 19వ అధికరణం మనకు స్వేచ్ఛలు ఇస్తూ, వాటి మీద ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని అంటుంది. వాక్‌స్వాతంత్ర్యానికి సంబంధించిన రెండో క్లాజులో మొదట ఈ ‘సహేతుకమైన’ అన్న విశేషణం లేదు, 1951లో మొదటి సవరణతో చేర్చారు. ఆంక్షలకు కారణాలను పెంచిన సవరణే ఆ కాపలా మాటను కూడా తెచ్చిందని చాలామందికి తెలియదు. 1952లో మద్రాసు రాష్ట్రానికీ వి.జి. రావ్‌కూ మధ్య నడిచిన కేసులో ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి గారు సహేతుకతకు అన్నిటికీ వర్తించే ఒకే కొలబద్ద ఉండదన్నారు. ఏ హక్కును తగ్గిస్తున్నారు, ఎందుకు తగ్గిస్తున్నారు, నివారించదలచిన కీడు ఎంతటిది, ఎంత తక్షణమైనది, పెట్టిన ఆంక్ష దానికి మించిపోయిందా, అప్పటి పరిస్థితులేమిటి అని చూడాలన్నారు. అంటే కారణం ఉండడం మొదటి మెట్టు మాత్రమే. ఆ కారణానికి తగినంతే అడిగారా, మించి అడిగారా అన్నది అసలు పరీక్ష.

మీ ఇంటికి ఇదే వర్తింపజేయండి. జిడ్డు గోడ అన్నది నిజమైన కారణం. ఇల్లంతా రంగు అన్నది ఆ కారణానికి మించిన కోరిక.

పద్మారావునగర్_మేడ
ఇది ఒప్పుకుంటాను. ఒక గోడ పేరు చెప్పి ఇల్లంతా వేయించుకోవడం నాకూ నచ్చదు. కానీ మించిందో లేదో ఎవరు చూడాలి? రంగు అద్దెదారు వేయించుకుపోతానంటే చవక రంగు పూసి వెళతారు. ఆ అనుభవం నాకుంది.

రంగుల_మేస్త్రి
రంగు డబ్బా పేరు, షేడ్ నంబరు ఓనర్ చెప్పాలి. కూలీ, డబ్బా బిల్లు అద్దెదారు చూడాలి. అంతే కదండీ.

ఆరో_అంతస్తు
మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌లో నేను కార్యదర్శిని. మేము రాసుకున్న ప్రతి రూలూ రీజనబుల్ అనే అనుకుని రాశాము. రాత్రి పది దాటాక డ్రిల్లింగ్ చేయకూడదన్నాము, ఎవరూ కాదనలేదు. ఇంటి పనికి వచ్చేవారు, డెలివరీకి వచ్చేవారు ఫలానా లిఫ్టులోనే వెళ్లాలని ఒకరు ప్రతిపాదించారు. ఎందుకని అడిగాను. మీటింగులో ఒక్కరూ కారణం పైకి చెప్పలేకపోయారు, చెబితే ఎలా వినిపిస్తుందో వారికీ తెలుసు. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగిపోయింది. మనం కారణాన్ని అవతలి మనిషి మొహం చూసి చెప్పగలగాలి. లిఫ్టు ముందు గంపతో నిలబడిన ఆవిడకు చెప్పలేని రూలు నలుగురం సంతకం పెట్టినా రీజనబుల్ కాదు.

మల్కాజిగిరి_మాట
ఈ ఉదాహరణ నాకు నచ్చింది. బ్యాచిలర్లకు ఇల్లు ఇవ్వమనే బోర్డులకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి.

ఆరో_అంతస్తు
పెట్టాలి. గొడవ చేస్తారన్నది కారణమైతే గొడవ చేయకూడదన్న రూలు చాలు, అది కుటుంబాలకూ వర్తిస్తుంది.

హైటెక్_దారి
ఇంతసేపూ డబ్బు గురించే మాట్లాడుకున్నాము. నేను వీల్‌చెయిర్ వాడతాను, మాదాపూర్ వైపు ఒక ఆఫీసులో పని చేస్తాను. ‘కొంచెం రీజనబుల్‌గా ఆలోచించండి’ అన్న మాట నేను విన్నంతగా ఇక్కడ ఎవరూ విని ఉండరు. లిఫ్టు పక్కన సీటు అడిగినప్పుడు విన్నాను. టాయిలెట్ తలుపు వెడల్పు చేయించమని అడిగినప్పుడు విన్నాను. ప్రతిసారీ దాని అర్థం ఒక్కటే: మీరు అడుగుతున్నది తగ్గించుకోండి. బలం ఉన్నవారు లేనివారితో ఈ మాట అన్నప్పుడు అది కారణం అడగడం కాదు, నోరు మూయించడం.

చట్టంలో ఇదే మాట ఎదురు దిశలో ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో సహేతుకమైన సదుపాయం అన్నదానికి నిర్వచనం ఇచ్చారు. ఇతరులతో సమానంగా మేము హక్కులు అనుభవించడానికి అవసరమైన, తగిన మార్పులు చేయాలి, అవి అవతలివారి మీద మోయలేని భారం కాకూడదు. అటువంటి సదుపాయం నిరాకరించడం కూడా వివక్షేనని ఆ చట్టమే చెబుతుంది. 2021లో వికాస్ కుమార్ కేసులో, చేతి కండరాల ఇబ్బందితో రాయలేని సివిల్స్ అభ్యర్థికి లేఖకుడిని ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఈ సూత్రం మీదనే. కాబట్టి సర్దుకోవలసింది నేను కాదు, ముందు తలుపు. ఆ తలుపు వెడల్పు చేయడం నిజంగా మోయలేని భారమైతే ఎందుకో లెక్కతో చెప్పవలసింది వారు.

నల్లకుంట_పంతులమ్మ
మీ పోస్టు చదివి చాలాసేపు ఆలోచించాను. బడిలో ‘సర్దుకుపో’ అని పిల్లలకు ఎంత సులువుగా చెప్పేవారమో గుర్తుకొచ్చింది. సర్దుకునేది ఎప్పుడూ ఒక్కరే అయితే అది సమంజసం కాదు.

తార్నాక_చదువరి
@హైటెక్_దారి గారూ, తలుపు సంగతి తేలిందా?

హైటెక్_దారి
మాటల్లో అడిగినంతకాలం తేలలేదు. కావలసిన కొలత, ఏ అంతస్తులో ఏ తలుపు, ఎందుకు కావాలి అన్నది రాసి మెయిల్ పెట్టి, కుదరకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. కుదరదని రాసి ఇవ్వడానికి ఎవరూ సిద్ధపడలేదు. తలుపు మార్చారు.

న్యాయపథం
ఇది అందరూ వాడుకోదగిన పద్ధతి. ప్రభుత్వ కార్యాలయాల మీద ఆ చట్టంలోని 20వ సెక్షన్ నేరుగా ఈ బాధ్యత పెట్టింది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 21వ సెక్షన్ అంటుంది. మీ సంస్థలో ఆ విధానం ఉంటే మెయిల్‌లో దాన్ని ప్రస్తావించండి.

కూకట్‌పల్లి_అద్దెదారు
నిన్న సాయంత్రం ఓనర్ గారితో కూర్చున్నాను. మొత్తం ఎంత అన్నది పక్కన పెట్టి, గదిగదికీ తిరిగి ఏ గోడకు ఏమైందో ఇద్దరం చూసి కాగితం మీద రాసుకుందామన్నాను. ముందు ఆయనకు నచ్చలేదు గానీ వచ్చారు. చేరిన రోజున మా ఆవిడ వాళ్ల అమ్మగారికి పంపడానికి తీసిన వీడియోలో పడకగది గోడలు కనిపిస్తున్నాయి, అవి అప్పటికే అలా ఉన్నాయని ఆయన ఒప్పుకున్నారు. వంటగది గోడ మూల నుంచి మూల దాకా మా ఖర్చు, మేకుల గుర్తులకు లప్పం మా ఖర్చు, మిగిలిన రంగు ఆయనది. టైల్స్ దగ్గర మాత్రం ఇంకా తెగలేదు. కడిగించే కూలీలో సగం ఇస్తానన్నాను, ఆయన మొత్తం అంటున్నారు.

మల్కాజిగిరి_మాట
మేస్త్రి గారు చెప్పినట్టు తుడవడం ఇంట్లో ఉన్నవారి పనే. టైల్స్ విషయంలో నేను ఓనర్ గారి పక్షమే.

తార్నాక_చదువరి
తుడిచినా కొంత పడుతుందని కూడా ఆయనే చెప్పారు. సగం అన్నది తప్పించుకోవడం కాదు.

పద్మారావునగర్_మేడ
నేనైతే సగం తీసుకుంటాను. వచ్చే నెల మా పై పోర్షన్‌కు కొత్తవారు వస్తున్నారు. @న్యాయపథం గారూ, అగ్రిమెంటులో ఆ ‘రీజనబుల్ కండిషన్’ అన్న వాక్యం బదులు ఏమి రాయమంటారు?

న్యాయపథం
ఆ మాట తీసేయనవసరం లేదు, దాని కింద ఒక జాబితా జతచేయండి. చేరిన రోజున గదులవారీగా గోడల స్థితి, రంగు రకం, వేసిన సంవత్సరం, కుళాయిలు, టైల్స్, ఫొటోలతో సహా ఇద్దరి సంతకాలతో ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు ఆ జాబితాతో పోల్చి తేడా ఉన్నచోట మాత్రమే, బిల్లు చూపి తగ్గించాలని, మిగిలిన అడ్వాన్సు తాళాలు ఇచ్చిన రోజునే తిరిగి ఇవ్వాలని రాయండి.

పద్మారావునగర్_మేడ
బోరు నీళ్ల చారల ఖర్చు చెరిసగం అని కూడా అందులో రాయిస్తాను.